తప్పిన ఒక్క కచేరీ

పిజన్ ఫోర్క్‌లో ఒలీటా రడ్ గురించి తెలియని మనిషంటూ ఉంటే, వాడు కిందటి వారమే బదిలీ మీద వచ్చిన పోస్ట్‌మాన్ అయ్యుండాలి. ఊళ్ళోకి దిగే రోడ్డు మలుపులోనే పెద్ద బోర్డుంది. "గాయని ఒలీటా రడ్ పుట్టిన ఊరు. ముప్పై ఒక్కేళ్ళు, ఒక్క కచేరీ తప్పలేదు" అని. వానలకి రంగు వెలిసినప్పుడల్లా ఫైర్ స్టేషన్ వాళ్ళు నిచ్చెన వేసుకుని ఆ అక్షరాలు దిద్దుతారు. బడి పైకప్పు కారుతుంటే రెండేళ్ళు ఊరుకున్నారు కానీ, బోర్డుకి రంగు పోతే మాత్రం ఏ ఏడూ ఊరుకోలేదు.

ప్రతి ఆగస్టులోనూ ఆవిడ పేరు మీద క్విజ్ పోటీ జరుగుతుంది. ఫైరింజన్లు రెండూ బయట గడ్డిలో నిలబెట్టి, లోపల మడత కుర్చీలు వేస్తారు. గురువారం మొదటి రౌండు, అందులో నెగ్గిన నలుగురికీ శనివారం ఫైనల్. గెలిచినవాళ్ళకి చర్చి ఆడవాళ్ళు కుట్టిన బొంత. ప్రశ్నలు చదివేది ఫైర్ చీఫ్ డారెల్ కూంబ్స్. నల్లబల్ల మీద మార్కులు వేసేది ఒలీటా చెల్లెలు నెల్డా.

నెల్డాకి డెబ్బై ఒకటి. అక్కతో కలిసి పాడే కచేరీలు మానేశాక ఇరవై ఆరేళ్ళు బడి వంటింట్లో వడ్డించింది. ఆ హాల్లో కూర్చున్న వాళ్ళలో సగం మంది ఆవిడ గరిటెతో వేసిన బీన్స్ తిని పెరిగినవాళ్ళే. అందుకని మిస్ నెల్డా వేసిన మార్కుని కాదనేవాళ్ళు లేరు. ఆవిడకి జవాబులన్నీ వచ్చు గనక పోటీలో చేరనివ్వరు. ఆవిడా ఎన్నడూ అడగలేదు. జీవితమంతా అక్క పక్కన నిలబడి అలవాటైపోయిన మనిషికి నల్లబల్ల పక్కన నిలబడడం కష్టమేమీ కాదు.

ఆ గురువారం తొమ్మిదిమంది పోటీకి కూర్చున్నారు. ఒలీటా తొలి రికార్డుకి వెనకవైపున్న పాట ఏది, రేడియోలో మొదటిసారి పాడిన రోజు ఎవరి బూట్లు అరువు తెచ్చుకుని వేసుకుంది, బ్యాండు బస్సుకి పెట్టుకున్న ముద్దు పేరేమిటి, ఇలాంటివన్నీ అడిగాడు డారెల్. అందరూ పలకల మీద రాసి పైకెత్తుతున్నారు. చివరి కుర్చీలో వర్జిల్ స్టాంపర్ అనే పెద్దాయన ఉన్నాడు. కొండ మీద లారెల్ లోయలో కుర్చీలు అల్లుకుంటూ ఒంటరిగా ఉంటాడు. క్విజ్‌కి రావడం ఇదే మొదటిసారి. పక్క కుర్చీలో తన టోపీ పెట్టుకుని, ఎవరైనా కూర్చోబోతే "మనిషుంది" అంటున్నాడు. ఆ మనిషి మాత్రం ఎంతకీ రాలేదు.

ఆఖరి ప్రశ్న ప్రతి ఏడూ ఒకటే. అది ప్రశ్న కూడా కాదు, ఊరంతా కలిసి చప్పట్లు కొట్టుకోడానికి పెట్టుకున్న ఆచారం. "ముప్పై ఒక్కేళ్ళలో ఒలీటా రడ్ తప్పిన కచేరీలు ఎన్ని?" అన్నాడు డారెల్ చేతులు చాపి. ఎనిమిది పలకల మీద సున్నాలు లేచాయి. వర్జిల్ పలక మీద మాత్రం ఒకటి ఉంది.

డారెల్ కళ్ళజోడు సవరించుకుని, ఎక్కడ తప్పిందో కూడా సెలవియ్యమన్నాడు. టాలీ కౌంటీ సంతలో, నలభై రెండేళ్ళ కిందట, ఆగస్టులో, వాన పడ్డ సాయంత్రం అన్నాడు వర్జిల్. ఆ సంతకి వెళ్ళినవాళ్ళు హాల్లో ఇంకో ముగ్గురున్నారు. ఒలీటా ఆ రోజు ఎర్ర గౌను వేసుకుందనీ, వానలోనే పాడిందనీ, కళ్ళారా చూశామనీ ముగ్గురూ ఒకేసారి లేచారు.

"చూశారు. నేను విన్నాను" అన్నాడు వర్జిల్.

"అయితే ముందు ఆ చెవి మిషనుకి బ్యాటరీ మార్చుకో, వర్జిల్ మావయ్యా" అన్నాడు డారెల్. హాలంతా గొల్లుమంది. డారెల్ చెడ్డవాడు కాదు. నలుగురూ నవ్వుతారంటే నోరు ఆగదు, అంతే. వర్జిల్ చెవి వెనకున్న మిషను మీదికి చెయ్యి పోనిచ్చి, మళ్ళీ తీసేసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

నెల్డా చేతిలో సుద్దముక్క ఉంది. అందరూ తనకేసే చూస్తున్నారు. ఆవిడ వర్జిల్ పేరుకి ఎదురుగా, ఆఖరి గడిలో, గుండ్రంగా సున్నా చుట్టింది. ఆ ఒక్క మార్కుతో ఆయన ఫైనల్ పోయింది. నిజానికి ఆ హాల్లో సరైన జవాబు రాసింది ఆయనొక్కడే. ఆయన కాక ఆ సంగతి తెలిసింది ఆవిడొక్కతెకే.

మర్నాడు పొద్దున్న నెల్డా యాపిల్ కేకు మొదలుపెట్టింది. ఒలీటా వస్తోందంటే ఆ కేకు ఉండాల్సిందే. పిండిని అట్టంత పలచగా ఒత్తి, ఒక్కొక్కటే కాల్చి, ఎండు యాపిల్ ముక్కలు ఉడికించిన గుజ్జు మధ్య మధ్య రాసి, ఒకదాని మీద ఒకటి ఏడు వరసలు పేర్చాలి. ఒక రోజు మూతపెట్టి ఉంచితే గాని మెత్తబడదు. నాలుగో అట్టు పొయ్యిలో ఉండగా ఫోను మోగింది. ఒలీటా నాష్‌విల్ నుంచి. రేపు మధ్యాహ్నానికి వస్తాననీ, మనవడు కారు నడుపుతాడనీ, తుంటి నొప్పి వల్ల మెట్లు ఎక్కలేననీ, వేదిక దగ్గర చెక్క వాలుగా వేయించమనీ చెప్పింది. నెల్డా అన్నిటికీ సరేనంది. తర్వాత, చెప్పకూడదనుకుంటూనే, వర్జిల్ సంగతి చెప్పేసింది.



"ఆయనకెలా తెలిసిందే?" అంది ఒలీటా.

"తెలీదక్కా. విన్నానన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"నేనేమంటాను. సున్నా వేశాను."

నల్లబూట్లు తెచ్చుకోనా తెల్లవి తెచ్చుకోనా అని అడిగింది ఒలీటా. అక్క మాట మార్చిందంటే ఆ తలుపు మూసుకున్నట్టే. "నువ్వు దిగులు పెట్టుకోకు. అది నీది. నేను ఎవరికీ చెప్పను" అంది నెల్డా. ఆ మాటా నలభై రెండేళ్ళుగా అంటున్నదే.

ఫోను పెట్టేసరికి నాలుగో అట్టు అంచులు మాడాయి. కత్తితో మాడు గీకుతూ నిలబడింది. నలభై రెండేళ్ళ కిందట, సంత పక్కన ఆపిన బ్యాండు బస్సులో, చిట్టచివరి పడక మీద ఒలీటా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కడుపుతో ఐదో నెల. పక్క ఊరి డాక్టరు వచ్చి, చేతులు కడుక్కుని, ఇక చెయ్యగలిగింది లేదని చెప్పి వెళ్ళిపోయాడు. మేనేజరు బస్సు మెట్ల మీద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నెల్డా తన కోటు తీసి అక్క మీద కప్పింది. ఒలీటా తల తిప్పకుండానే, కొక్కేనికి వేలాడుతున్న ఎర్ర గౌను వైపు వేలు చూపించింది. వెళ్ళి పాడమని గానీ, వద్దని గానీ అనలేదు. ఒలీటాకి తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, మనవలు పుట్టారు. ఎవరికీ చెప్పనన్న ఆ ఒక్క మాట తప్ప, ఆ సాయంత్రం గురించి అక్కాచెల్లెళ్ళు మళ్ళీ నోరు విప్పి మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం నెల్డా, మాడిన అట్టు తీసేసి ఆరు వరసలతోనే మిగిలిన కేకులో సగం కోసి డబ్బాలో పెట్టుకుని, లారెల్ లోయకి కారు నడుపుకుంటూ వెళ్ళింది. ఏం చెప్పాలో అనుకోలేదు. ఏమీ చెప్పకూడదని మాత్రం అనుకుంది.

వర్జిల్ వసారాలో కుర్చీ అల్లుతున్నాడు. పక్కనే తొట్టెలో చెట్టుబెరడు పట్టీలు నానుతున్నాయి. ఒక పట్టీ తీసి, తడి పిండి, చట్రం మీదుగా లాగి, రెండు కిందుగా రెండు పైగా దూర్చి, మొద్దుబారిన గరిట కాడతో వరసని వరసకి ఆనేలా నొక్కుతున్నాడు. నెల్డాని చూసి లేవబోయాడు. ఆవిడ వారించి మెట్టు మీదే కూర్చుంది. కేకు తెచ్చానంటే, నోరూరుతోంది గానీ చేతులు తడిగా ఉన్నాయి, మెత్తబడ్డాకే తింటానన్నాడు.

కాసేపు ఎండల గురించీ, ఈ ఏడు చిక్కుళ్ళకి పట్టిన పురుగు గురించీ మాట్లాడుకున్నారు. తర్వాత నెల్డా, నిన్న హాల్లో వాళ్ళు అలా నవ్వడం తనకేమీ బాగాలేదంది.

"మా ఇమోజీన్ ఉండుంటే అందరికంటే గట్టిగా నవ్వేది" అన్నాడు వర్జిల్. ఇమోజీన్ ఆయన భార్య. పోయి రెండేళ్ళయింది. "ఆ సంతకి ఇద్దరం కలిసే వెళ్ళామమ్మా. ఇంటికొస్తూ దార్లో అన్నాను, పాడింది ఒలీటా కాదే అని. నీ చెవుల్లో దూదుందంది. ఇక చూస్కో. నలభై ఏళ్ళు. ఎవరింటికి భోజనానికెళ్ళినా, మా ఆయనకి చెవుడు, ఒలీటాని వినీ ఒలీటా కాదన్నాడు అని అందరికీ చెప్పేది. ఆస్పత్రిలో ఆఖరి వారం కూడా నర్సుతో చెప్పి నవ్వించింది."

పట్టీ చివర చట్రానికి చుట్టి, బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. "ఆ బొంత కోసం కాదు నేనొచ్చింది. ఇంట్లో పది బొంతలున్నాయి. నా చెవులు బాగానే ఉన్నాయని ఒక్కసారి, ఒక్కరు, నలుగురిలో ఒప్పుకుంటే చాలనిపించింది. అదీ మా ఇమోజీన్ పక్కనుండగా." పక్కన పెట్టిన టోపీ ఎందుకో నెల్డాకి అప్పుడర్థమైంది.

అడక్కూడదనుకుంటూనే అడిగింది. "ఒలీటా కాదని మీకెలా తెలిసింది?"

వర్జిల్ పని ఆపాడు. "ఆ రోజు చెల్లెలికి గొంతు బాగాలేదు, ఒలీటా ఒక్కతే పాడుతుందని ముందే మైకులో చెప్పారు. సరే, పాడింది. అంత దూరం నుంచి చూస్తే మనిషీ ఆవిడే, గొంతూ అచ్చం అదే. 'కొండ దిగని ఉత్తరం' పాట. పల్లవి రెండోసారి వచ్చేసరికి, అసలు వరస వదిలేసి పై వరసలోకి వెళ్ళిపోయింది. అక్క అసలు వరస పాడుతుంటే, తోడుగా కాస్త పై స్థాయిలో చెల్లెలు పాడేదే, ఆ పై వరస. ఇల్లు లేకుండా పైకప్పొక్కటే నిలబడ్డట్టు అయిపోయింది పాట. అసలు వరస సొంతమైన మనిషి అలా వదలదమ్మా. పక్కన నిలబడి పాడే అలవాటున్న మనిషే అలా జారిపోతుంది."

నెల్డా మెట్టు మీద రాలిన బెరడు ముక్కలు ఒక్కొక్కటే ఏరుతోంది. అవును. అలాగే జారిపోయింది. జారానని తెలిసేసరికి పల్లవి సగం అయిపోయింది. గిటారు వాయించే ఆయన ఒకటే బెదురు చూపు చూశాడు. దిగి వచ్చి, ఎవరూ గమనించలేదని ఊపిరి పీల్చుకుంది. ఎవరూ గమనించలేదే అని తర్వాత ఎన్నో ఏళ్ళు మనసులో మూలిగింది కూడా. రెండూ నిజమే.

"బాగా చెడిందా పాట?" అంది తల ఎత్తకుండా.

"వాన మొదలైంది. జనం కార్ల వైపు పరిగెడుతున్నారు. ఇమోజీన్ నా చొక్కా పట్టుకు లాగుతోంది. నేను కదల్లేదు. అసలు వరస ఖాళీగా ఉంది కదా, నేనే మెల్లిగా అందుకున్నాను. నాకు పాడడం రాదు, చర్చిలో కూడా పెదవులాడిస్తానంతే. ఆ రోజు పాడాను, ఆవిడ మళ్ళీ అసలు వరసకి దిగి వచ్చేదాకా. జీవితంలో ఎన్ని పాటలు విన్నానో తెలీదు గానీ, నేను లోపలున్న పాట అదొక్కటే." పట్టీ మళ్ళీ అందుకున్నాడు. "ఆవిడెవరన్నది నేనెవర్నీ అడగలేదు. అడగను కూడా. ఒలీటా రాలేదంటే రాలేనంత కారణం ఏదో ఉండే ఉంటుంది."

ఆయనకి అంతా తెలుసు. తెలిసీ, తనని చెప్పమనడం లేదు. నెల్డాకి ఆయన తడి చేతులు పట్టుకుని, నేనే అని చెప్పెయ్యాలనిపించింది. కానీ నేనే అన్న మాట వెనకాలే, మరి అక్కేమైంది అన్న మాట వస్తుంది. కేకు డబ్బా ఆయన పక్కన పెట్టి, రేపు తప్పకుండా రమ్మని చెప్పి లేచింది. దిగుతూ దారి పొడుగునా తనని తాను తిట్టుకుంది.

శనివారం హాలు కిటకిటలాడింది. వేదికకి చెక్క వాలుగా వేశారు. ఒలీటా నల్లబూట్లు వేసుకుని, చేతికర్ర ఊతంగా, మనవడి భుజం పట్టుకుని ఎక్కింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, జుట్టు మాత్రం పాత రోజుల్లోలాగే గోపురంలా దువ్వించుకుంది. వర్జిల్ వెనక వరసలో ఉన్నాడు. పక్క కుర్చీలో టోపీ ఉంది. నల్లబల్లకి ఎడమ సగంలో గురువారం మార్కులు అలాగే ఉన్నాయి, సున్నాతో సహా. ఫైనల్లో పదో క్లాసు అమ్మాయి ఒకతె పెద్దవాళ్ళందర్నీ చిత్తు చేసి బొంత పట్టుకుపోయింది.

ఇక ఆనవాయితీ ప్రకారం ఒలీటా ఒక పాట పాడాలి, నెల్డా పక్కన నిలబడాలి. ఏ పాటో డారెల్ అడగబోతే, ఒలీటా తనే "కొండ దిగని ఉత్తరం" అని చెప్పింది. నెల్డా చేతికంటిన సుద్ద గౌనుకి తుడుచుకుని, వేదిక ఎక్కి, అక్కకి కుడి పక్కన, ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది. ఒలీటా గొంతు మునుపటిలా లేదు, అంచులు అరిగాయి. అయినా చరణం అందుకోగానే జనం కుర్చీల్లో ముందుకి వంగారు. మొదటి పల్లవి అక్క అసలు వరస, చెల్లెలు పై వరస, ఎప్పటిలాగే పాడారు.

రెండో పల్లవికి ఒలీటా పై వరసలోకి వెళ్ళిపోయింది.

నెల్డా అప్పటికే అక్కడుంది. ఇద్దరూ ఒకే వరసలో ఉన్నారు, అసలు వరసలో ఎవరూ లేరు. ముసలావిడ పాట మర్చిపోయిందనుకుని ముందు కుర్చీల వాళ్ళు మొహాలు చూసుకున్నారు. నెల్డా కంగారుగా అక్క వైపు తిరిగింది. ఒలీటా ఏమీ మర్చిపోలేదు. చెల్లెలి కళ్ళలోకి చూస్తూ, గొంతు వణుకుతున్నా పై వరస వదలకుండా పాడుతోంది. దిగి రావడం లేదు. వెనక వరసలో వర్జిల్ లేచి నిలబడ్డాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి.

నెల్డా పై వరస అక్కకి వదిలేసి అసలు వరస అందుకుంది. ఈసారి జారలేదు. పల్లవి చివరిదాకా, తర్వాతి చరణం కూడా తనే పాడింది. గౌను ఎర్రది కాదు, వాన లేదు, అందరికీ తనెవరో తెలుసు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. పాట అయ్యేసరికి అక్క చెయ్యి తన చేతిలో ఉందని గమనించింది.

చప్పట్లు ఆగాక ఒలీటా మైకు దగ్గరికి జరిగింది. "డారెల్, మొన్నెవరి జవాబో తప్పన్నావట?"

డారెల్ నీళ్ళు నమిలాడు. అది ఊరికే సరదాకి అన్నదనీ, వర్జిల్ మావయ్య ఏమీ అనుకోడనీ గొణిగాడు.

"ఒకటే. టాలీ కౌంటీ సంత" అంది ఒలీటా. "ఆ సాయంత్రం పాడింది మా నెల్డా. నేనెందుకు రాలేదన్నది నా సొంత విషయం. మా చెల్లెలికి తెలుసు. ఇన్నేళ్ళూ తన గొంతు కూడా నా పేరు మీదే వదిలేసి, నోరు మూసుకుని మోసింది. ఇక మొయ్యక్కర్లేదు."

గురువారం లేచి సాక్ష్యం చెప్పిన ముగ్గురూ బూట్ల వంక చూసుకుంటున్నారు. డారెల్ పాపం, ఫైనల్ అయిపోయింది గదా, బొంత ఇచ్చేశాం గదా, రోడ్డు మీద బోర్డు సంగతేమిటి అని పైకే గొణుక్కుంటూ లెక్కలు వేసుకుంటున్నాడు. రంగు డబ్బా తను కొనిస్తానని చెప్పింది ఒలీటా. చివరికి డారెల్ ప్రశ్నల కాగితాలు పక్కన పెట్టి, వెనక్కి నడిచి, వర్జిల్ ముందు నిలబడి, "తప్పైపోయింది, మావయ్యా" అన్నాడు. బొంత సంగతి ఆలోచిద్దామంటే వర్జిల్ వద్దని తలూపాడు.

"బల్ల మీద అంకె దిద్దితే చాలు" అన్నాడు.

నెల్డా వేదిక దిగి నల్లబల్ల దగ్గరికి వెళ్ళింది. గుడ్డ కోసం వెతకలేదు. తను చుట్టిన సున్నాని అరచేత్తోనే తుడిచేసి, సుద్ద తీసుకుని, ఆ గడిలో ఒకటి వేసింది. నిలువుగా, లావుగా, వెనక కుర్చీలదాకా కనిపించేలా.

వర్జిల్ మెల్లిగా కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఉన్న టోపీ వైపు వంగి, ఏదో అన్నాడు. ఏమన్నాడో అంత దూరం వినపడలేదు. కానీ ఆ తర్వాత చాలాసేపు, అటునుంచి వస్తున్న జవాబుకి ఒప్పుకోనట్టు, నవ్వుతూ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.